బీపీ అంటే కోపం కాదు

మేం కొందరు ఆడవాళ్ళం కలిసి జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళకి ఆటోలో వెళ్ళి బీపీ, షుగర్ చూసి, జాగ్రత్తలు చెప్పి వస్తుంటాం. జీతం లేని పని. మా ఇంట్లోవాళ్ళ మాటల్లో చెప్పాలంటే పనీపాటా లేని పని.

దోమల గురించి చెప్తే వింటారు. చేతులు కడుక్కోమంటే నవ్వుతూనే కడుక్కుంటారు. బీపీ దగ్గరే నా ప్రాణం విసిగిపోతుంది. ఊళ్ళో ఎవరిని అడిగినా బీపీ అంటే కోపం. అంతెందుకు, మా ఇంట్లో కూడా రోజుకొకరు "నాకు బీపీ తెప్పించకు" అంటూనే ఉంటారు. ఆ మాట మొదట పుట్టించినవాడు దొరికితే దులిపేయాలని ఉంది.

పోయిన మిరప కోతలప్పుడు పెనుగంచిప్రోలులో ఒకావిడకి చూశాను. యాభై దాటి ఉంటాయి. నోట్లో నాలుక లేని మనిషి. మిషన్ మీద అంకె రెండొందలకి దగ్గరగా వచ్చింది. "అక్కా, నీకు బీపీ బాగా ఎక్కువుంది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆవిడ ముఖం మాడిపోయింది.

"నేనెవర్నన్నా ఒక్క మాటన్నానా మేడం గారూ? కావాలంటే ఊళ్ళో అడగండి" అంది.

నిందేసినట్టే బాధపడింది. బతిమాలి ఆస్పత్రికి పంపాం. డాక్టరు గారు రోజూ వేసుకోమని మాత్రలు రాసిచ్చారు.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. మాత్రల అట్ట ఫ్రిజ్ మీద అలాగే ఉంది. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"ఎవరితోనూ గొడవ పడట్లేదుగా, ఇంక బీపీ ఎందుకుంటదిలే అని వేసుకోలా" అంది.

వాళ్ళమ్మ పక్షవాతం వచ్చి మంచంలోనే పోయిందని మొదటిరోజు నాకు చెప్పింది ఈవిడే. ఆమెకి చాకిరీ చేసిందీ ఈవిడే. అయినా ఈ మాట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పు గురించి, ఊరగాయల గురించి, మెదడులో నరం చిట్లడం గురించి వీధంతా వినపడేలా అరిచాను.

ఆవిడ అంతా విని, "చూడండి, బీపీ మీకుంది" అంది నెమ్మదిగా.

బీపీ మిషన్ పట్టీ తీసి నా చేతికే చుట్టుకున్నాను. అంత అరిచినా నూట ముప్పై దాటలేదు. తర్వాత ఆవిడ చేతికి చుట్టాను. మళ్ళీ రెండొందల దగ్గరే ఆగింది. ఆ అంకెని ఆవిడ చాలాసేపు చూసింది.

ఇంతలో ఆవిడ భర్త చేలోంచి వచ్చాడు. సంగతి విని నవ్వాడు. "దీనికి బీపీ ఏందండీ? ఇన్నేళ్ళ కాపురంలో ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాట అన్లా. మీ మిషనే చెడిపోయుంటది."

ఆవిడ లేచి ఫ్రిజ్ మీది అట్ట అందుకుంది. మొగుడి వైపు తిరిగి, "మరి ఇన్నేళ్ళూ నేను మింగిందంతా ఎక్కడికి పోయిందనుకుంటున్నారు?" అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. నాకేమో తల పట్టుకోవాలనిపించింది. డాక్టరు గారు చెప్పింది ఇదీ కాదు. బయటికి అరిచిన కోపమూ బీపీ కాదు, లోపల మింగిన కోపమూ బీపీ కాదని మళ్ళీ మొదటినుంచి చెప్పుకురావాలి. కానీ ఆవిడ అట్ట చింపి మాత్ర అరచేతిలోకి తీసుకుంది. అది గొంతు దిగేదాకా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.