పచ్చికలో ఒడ్డు

ఇస్నాపూర్ కాలనీలో కొత్తగా వేసిన పార్కుకు మాలి, కాపలా రెండూ మల్లవ్వే. లక్డారంలో పొలాలు ఉన్నన్నాళ్లూ నాట్లు వేసిన చెయ్యి ఆమెది. పొలాల్లో షెడ్లు లేచాక ఈ పనికి వచ్చింది. మొదటిసారి గడ్డి పిలకలు చేతికిస్తే వరినారులాగే తాడు పట్టి సాళ్లుగా నాటేసింది. సూపర్‌వైజర్ రాంచందర్ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందే మల్లవ్వా, కోతలెప్పుడు?"

"నవ్వు సారూ, నవ్వు. పచ్చగైనంక నువ్వే వచ్చి కూసుంటవ్."

గడ్డి నిజంగానే చిక్కగా లేచింది. నడుమ తప్ప. వెనక సందులో కిరాయి గదుల వాళ్లంతా వెనక గేటులోంచి వచ్చి, ముందు గేటు దగ్గర కంపెనీ బస్సు ఎక్కుతారు. పార్కులో బాటేమో గోడ వెంట చుట్టూ తిరుగుతుంది. డ్యూటీకి ఉరికేవాళ్లకు అంత ఓపికెక్కడిది? గడ్డిలోంచి అడ్డదారిన పోతారు. పాపిట తీసినట్టు మట్టి తేలింది.

మల్లవ్వ మళ్లీ నాటింది. మళ్లీ తొక్కారు.

"కండ్లు నెత్తికెక్కినయా? బాట మీదికెల్లి పోతే కాళ్లరుగుతయా?"

"బస్సు నికల్ జాయేగా అమ్మా!" అని, బస్సు వెళ్లిపోతుందంటూ బిహారీ కుర్రాళ్లు ఉరికారు.

ఒళ్లు మండి ఒక సాయంత్రం ఆ దారికి అడ్డంగా తుమ్మ కంప లాగింది.

తెల్లారి అందరి వెనకా వచ్చింది ప్రేమలత. మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. నిండు గర్భిణి. కంపను చూసి ఆగింది. కడుపు పట్టుకుని గోడ వెంట తిరిగింది. సగం దూరంలో ఉండగానే హారన్ మోగింది. రొప్పుతూ ముందు గేటుకు చేరేసరికి బస్సు లేదు.

మల్లవ్వ ఉరికి వచ్చింది. "పోయిందా బిడ్డా?"

"పోయింది పెద్దమ్మా. ఆటోల పోత. గుంతలల్ల ఆటో ఎక్కొద్దన్నది డాక్టరమ్మ, ఏం జేస్త మరి."

"నన్ను తిట్టరాదె?"

"ఎందుకు తిడత? గడ్డిని నువ్వు పిల్లలెక్క సాదుకుంటున్నవు గద."

ఆ మాటకు మల్లవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లు తాగించి ఆటో ఎక్కించింది. "మెల్లగ తీస్కపో, గుంతలల్ల ఎత్తేసినవంటే నీ సంగతి జెప్త," అని డ్రైవర్‌కు వేలు చూపించింది.

వెనక్కి వచ్చి కంప పీకేసింది. ఎంత తొందరలో ఉన్నా పొలంలో పైరు తొక్కి నడిచినవాడు లేడు. నడవడానికి మడికీ మడికీ నడుమ గట్టులా ఒడ్డు ఉండేది కదా! ఇక్కడ ఒడ్డు వదలకుండానే నాటేశామే అనుకుంది.

నడుమనే బాట వేద్దామని అడిగితే, "నక్షల ఆడ బాట లేదే మల్లవ్వా," అని రాంచందర్ తల గోక్కున్నాడు. "నేను గూడ గిట్లకెల్లే వస్త తియ్," అని నవ్వి, ఎక్కడో మిగిలిన షాబాద్ బండలు పంపించాడు.

"సిమెంటు వద్దు సారూ. నడుమ సందులిడుస్త, వాన నీళ్లు దిగుతయ్."

ఇద్దరు పక్కపక్కన నడవాలంటే అటూ ఇటూ ఇంకాస్త గడ్డి తీయాలి. బాగా ఏపుగా ఉన్న గడ్డి అది. గునపం పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడింది. తరువాత ఒక్కో పిలకనూ వేళ్లతో సహా పెకలించి, గోడ పక్క బోడి నేలలో నాటింది.

బండలు పరిచాక ప్రేమలత తాపీగా నడిచి వచ్చింది. "బాట మంచిగున్నది పెద్దమ్మా. నడిమిట్ల జెర కూసునేటందుకు ఒక బండ ఎయ్యరాదు?"

"అగో! బాటిస్తే బండ అడుగుతున్నది. రేపు మంచం గూడ అడుగుతవు. నడువ్, నడువ్!"

ప్రేమలత నవ్వుకుంటూ బస్సెక్కింది. బస్సు మలుపు తిరగకముందే, ఈ వేళప్పుడు నీడ ఎక్కడ పడుతుందా అని మల్లవ్వ వెతకడం మొదలుపెట్టింది.