కాపలా కళ్లకు గంతలు

ఇన్నేళ్లుగా గుండెల మీద కుంపటి పెట్టుకుని తిరుగుతున్నాను. ఆడిన అబద్ధం కూడా కాదు. చెప్పాల్సిన చోట చెప్పని ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ తీగ మీద వచ్చే రోజులవి. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్ల వెనక ఒక కిరాయి గదిలో ఉండేవాణ్ని. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి జీతం లేకుండా కట్టుకుంటున్న ఒక కంపైలర్ ప్రాజెక్టులో నాకూ ఒక మూల పని ఉండేది. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగేలా మార్చేది. దానితోపాటు కొన్ని లైబ్రరీలుంటాయి. నడుస్తున్న ప్రోగ్రాము తనది కాని మెమరీలో వేలు పెడితే కేకవేయడమే వాటి పని, పరాయి చేలో పశువు పడితే కాపలావాడు అరిచినట్టు. ఆ లైబ్రరీలన్నీ వాడుకునే ఉమ్మడి భాగాన్ని చూసుకునేవాళ్లం ఇద్దరం. నేను, దమ్మపేట రాంబాబు. ఈ చుట్టుపక్కల ఆ పనేమిటో తెలిసింది మా ఇద్దరికే. ఆ సంగతులు మాట్లాడుకోవడానికి నాకు ఇంకో మనిషి లేడు.

దమ్మపేటలో ఫోను నిలకడగా పనిచేసేది కాదు. అందుకని రాంబాబు తన మార్పుల్ని సీడీలో పెట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవాడు. నేను బస్టాండుకు పోయి తెచ్చుకుని, అతని పాస్‌వర్డుతో, అతని పేరు మీదే ప్రాజెక్టుకు పంపేవాణ్ని.

ఒకసారి కొత్త వెర్షను విడుదల దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే ఆ లైబ్రరీల్లో ఒకటి నా సొంత కోడు మీద కేకలు మొదలుపెట్టింది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. విసుగు, దానికి మించి సిగ్గు. ఉమ్మడి భాగంలో ఒక లైను చేర్చాను, ఇలాంటి చోట చూడొద్దు అని. తర్వాత తీసేద్దామనుకున్నాను. నా పేరుతో పంపితే ఎందుకని అడుగుతారు. ఆ రోజు వచ్చిన రాంబాబు మార్పుల మధ్య దాన్ని దూర్చి పంపేశాను. పొరపాటున అలా పోయిందని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటా? ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?

విడుదలయ్యాక మర్చిపోయాను. లేక మర్చిపోవాలనుకున్నానా? ఉమ్మడి భాగం కదా, కాపలా అన్ని చోట్లా గుడ్డిదైపోయింది. ఎవరెవరి ప్రోగ్రాములో పాడయ్యాయి. చివరికి ఆ లైను బయటపడింది, పక్కన రాంబాబు పేరుతో. ప్రాజెక్టు పెద్దలు అందరూ చూసే చోట అతన్ని నిలదీసి, మార్పులు పంపే అధికారం తీసేశారు.

రాంబాబు బస్సెక్కి నా గదికొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. నన్ను అడగడానికే వచ్చాడనుకున్నాను.

“అన్నా, గా లైను రాసినట్టు నాకైతే యాదికి లేదు,” అన్నాడు. “కానీ నా పేరే ఉన్నది గదా. నేనే రాసిన కావచ్చు.”

నన్ను అనుమానించాలన్న ఆలోచనే అతనికి రాలేదు. నిజం గొంతు దాకా వచ్చింది. చెబితే ఆ పని పోతుంది, ఈ ఒక్క మనిషీ పోతాడు అనిపించింది.

“పోనీలే తమ్మీ,” అన్నాను. “ఎవరికైనా అయితది.”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఏం రాసిన్నో యాదికి లేనోనికి గీ పని ఎందుకన్నా,” అని వెళ్లిపోయాడు.

మళ్లీ సీడీ రాలేదు. వాళ్ల పామాయిల్ తోట పనిలో పడిపోయాడు. నేను మాత్రం కొన్నాళ్లు దమ్మపేట బస్సు వేళకు అలవాటు కొద్దీ బస్టాండుకు పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ని. ఏ మనిషి దూరమవుతాడని నోరు మూసుకున్నానో ఆ మనిషే పోయాడు. ఆ పని గురించి ఆ తర్వాత ఎవరితోనూ నోరారా మాట్లాడింది లేదు.

తర్వాతెప్పుడో సత్తుపల్లిలో ఒక పెళ్లి బంతిలో కలిశాడు. తాను అంత పెద్ద తప్పు చేసినా ఈ అన్న ఒక్క మాట అనలేదని పక్కవాళ్లకు నన్ను చూపించి చెప్పాడు. నేను నవ్వాను.

తప్పు చేశాను, అతని మీద వేశాను, ఆపైన పెద్దమనిషిలా అతన్ని క్షమించాను. ఈ మూడోదాన్ని ఎలా కడుక్కోను? రాంబాబుకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. మీకైనా చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ లైను రాసింది రాంబాబు కాదు. నేను.