సొంత బిడ్డ అడిగినా

బషీరాబాద్ అవతల, కర్ణాటకను ఆనుకుని ఉన్న ఆ లంబాడీ తండాకు రెండు కంప్యూటర్లు, తీగ మీద ఇంటర్నెట్‌తో ఒక సేవా కేంద్రం వచ్చిన రోజు వార్త రాసింది నేనే. ప్రారంభానికి వచ్చిన అధికారి ఓటీపీ మోసాల గురించి గట్టిగా హెచ్చరించాడు. ‘సొంత బిడ్డ అడిగినా చెప్పొద్దు’ అన్నాడు. దాన్నే శీర్షిక చేశాను. బాగా కుదిరిందనుకున్నాను.

మూడు నెలల తర్వాత, ఆ కేంద్రం ఎలా నడుస్తోందో చూద్దామని మళ్లీ వెళ్లాను. ఇంటర్ పాసైన ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, పక్కన తల్లి. వికారాబాద్‌లో డిగ్రీ సీటు వచ్చింది. సాయంత్రం ఐదులోగా ఖాయం చేసుకోకపోతే పోతుంది. ఓటీపీ వెళ్లేది తండ్రి ఫోనుకు. ఆయన పుణెలో మట్టిపనిలో ఉన్నాడు. తండాలో ఫోను సిగ్నల్ అందదు. కేంద్రం నడిపే ఆవిడ తన ఫోనుకు వైఫై పెట్టుకుని, స్పీకర్ ఆన్ చేసి ఆయనకు కాల్ చేసింది.

“అన్నా, నీకొక నంబరొచ్చింది. జర సదివి చెప్పు.”

“ఎవలమ్మా నువ్వు? సొంత బిడ్డ అడిగినా చెప్పొద్దని పేపర్లనే వచ్చింది.”

నేను తల దించుకున్నాను. అమ్మాయి ఫోను లాక్కుని “బా, నేను” అంటూ లంబాడీలో మొదలుపెట్టింది. ఇన్నేళ్ల తిరుగుడులో ఆ భాష నాకూ కొంత తెలుస్తుంది; ‘బా’ అంటే నాన్న.

“అబ్బో, మా మాట గూడ నేర్చిన్రా దొంగలు!” అవతల నవ్వు. “సరే, నా బిడ్డవే అయితే చెప్పు. ఇంటికాడ మేకలెన్ని?”

“నాలుగు, బా.”

“ఆరు!” అని ఫోను పెట్టేశాడు.

రెండు మేకల్ని తల్లి కిందటి వారమే అమ్మింది. ఆయనకింకా చెప్పలేదు.

మళ్లీ చేస్తే స్విచాఫ్. తల్లి తన బటన్ ఫోను పట్టుకుని, కూతురితో రోడ్డు మీదికి పరుగెత్తింది. సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. తాండూరు బస్సెక్కాల్సిన నేనూ వెనకే వెళ్లాను. ఆ నంబరు నుంచి చేసినా స్విచాఫే. ఐదు దాటింది. బస్సు వచ్చి పోయింది. నేను ఎక్కలేదు. ఆ శీర్షిక నాదని వాళ్లకు చెప్పనూ లేదు.

ఆరు దాటాక ఆయనే ఆ బటన్ ఫోనుకు చేశాడు. అమ్మాయి ఎత్తి స్పీకర్ పెట్టింది.

“బిడ్డా, ఎవలో దొంగలు నీ పేరు చెప్పి ఫోన్ చేసిన్రు. నేను దొరుకుతనా?”

తల్లి ఏదో చెప్పబోయింది. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“మంచిగ చేసినవ్ బా,” అంది. “తిన్నవా?”