ఎకరన్నరను అక్షరాల్లో రాసినవాళ్ళు

కర్నూలులో ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. ఏటా ఒక పాఠం వస్తుంది, పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాయడం. బోర్డు మీద 12,34,567.08 వేస్తే పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల ఐదు వందల అరవై ఏడు దశాంశం సున్నా ఎనిమిది అని తడుముకోకుండా రాస్తారు. అదే పని జీతం తీసుకుని చేసే పెద్దమనిషికి చేతకాకపోతే ఎవరి కొంప మునుగుతుందో నేను చూశాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది కోసిగి వైపు పల్లె. ఊరి బయట మా క్రైస్తవుల సమాధుల తోట ఉంది. తాతల నాటి నుంచి అది ఎకరన్నర. ఊళ్ళో ఎవరినడిగినా ఎకరన్నర అనే అంటారు, దశాంశాల మాట ఎవరి నోటా రాదు. నాన్న సమాధి దాని పడమటి మూలన ఉంది. అమ్మ మంచం పట్టాక ఆమెది ఒకటే మాట.

"నన్ను మీ నాయిన పక్కన్నే పెట్టండమ్మా. ఆయప్ప ఒక్కడే ఉండబట్టి శానా దినాలాయె. ఇంగ నేను బోయి, జరుగు అనల్ల" అని నవ్వేది. అట్లాగే పెడతామని మాటిచ్చాను.

ఆ మధ్య మా వైపు భూముల రికార్డులు కొత్తగా ఎక్కించారు. ఎకరన్నరను ఒకడు 1.5 అని వేశాడు. అందులో తప్పేమీ లేదు. పక్కన అక్షరాల్లో రాయాల్సిన చోట ఇంకొక మహానుభావుడు 'ఒక ఎకరా ఐదు సెంట్లు' అని రాసి పారేశాడు. మా దగ్గర చుక్కకు ఎడమ పక్కవి ఎకరాలు, కుడి పక్కవి సెంట్లు అని చదవడం అలవాటు. 1.50 అని ఉంటే యాభై అనేవాడు, సున్నా కనపడలేదు గనక ఐదన్నాడు. ఎకరాకు నూరు సెంట్లు, అందులో సగం యాభై అన్న ఇంగితం కూడా లేదు. నలభై ఐదు సెంట్ల నేల, అందులో పడుకున్న మా మనుషులతో సహా, మాది కాకుండా పోయింది.

పడమటి పక్క చేను రైతు ఊరుకుంటాడా? తుమ్మకంప తెచ్చి అడ్డంగా వేసేశాడు. నాన్న సమాధి కంపకు అవతల పడింది.

"నాదేముండాదమ్మా, కాయితంలో ఎట్లుంటే అట్ల" అన్నాడు నేను అడగబోతే. "ఉండే సమాధుల్ని నేనేం ముట్టను. కొత్తవి మాత్రం పెట్టొద్దండి."

ఎంత ధర్మప్రభువో!

సెలవు పెట్టి తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళాను. క్లర్కు తల కూడా ఎత్తలేదు.

"అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలే చెల్లుతాయి మేడమ్."

"ఆ అక్షరాలు రాసింది మీరే గదప్పా! ఒకటి దశాంశం ఐదంటే ఎకరన్నర. మా బడికి రా, పిల్లోళ్ళు చెప్తారు."

"అది బడి లెక్క మేడమ్. ఇది భూమి లెక్క. అర్జీ ఇచ్చిపోండి, సారు క్యాంపులో ఉండాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. బడికో లెక్క, భూమికో లెక్కా? అయినా గతిలేక అర్జీ రాసిచ్చాను. మళ్ళీ వెళ్తే సర్వేయరు లేడన్నారు. ఇంకోసారి వెళ్తే కంప్యూటరు పనిచేయడం లేదన్నారు. అరిచాను, బతిమాలాను, దున్నపోతు మీద వాన కురిసినట్టే.

అమ్మ అంతకాలం ఆగలేదు. శనగ పీకే రోజుల్లో పోయింది. పెట్టె మోసుకుని తోటకు వెళ్ళేసరికి రైతు, ఆయన కొడుకులు కంప దగ్గర నిలబడి ఉన్నారు. పీకి అవతల పారేద్దామని మావాళ్ళలో పడుచువాళ్ళు ముందుకు దూకితే పాస్టరుగారు చేతులు చాచి ఆపారు.

"వద్దు నాయనా, శవం ముందర కొట్లాటొద్దు. కాయితం సరైనాక చూసుకుందాం."

మావాళ్ళు ఆగిపోయారు. తెల్లారితే సగం మంది ఆ రైతు చేలోకే కూలికి పోవాలి. వాళ్ళను ఏమనగలను? గేటు పక్కన, అందరూ చెప్పులు విడిచే చోట, అమ్మను పూడ్చాం. ఆ రోజు నేను ఏడ్చింది దుఃఖంతో కాదు, కోపంతో. పళ్ళు నూరుకుంటూ ఏడ్చాను.

ఎండాకాలం దాటాక ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వెళ్ళాను. అదే క్లర్కు, ఈసారి తల ఎత్తి నవ్వుతూ కాగితం నా ముందుకు తోశాడు. 1.50. అక్షరాల ఒక ఎకరా యాభై సెంట్లు.

"చూసుకోండి మేడమ్, మీ ఎకరన్నర మీకొచ్చె. ఇంగా మొగం అట్ల పెట్టుకోని ఉండారేమి?"

కాగితాన్ని అతని వైపే వెనక్కి తోశాను.

"మా నాయిన పడమటి మూలన ఉండాడు. మా యమ్మ గేటు కాడ ఉండాది. ఈ కాయితం తీసుకోని నువ్వే రాప్పా. వచ్చి మా యమ్మకు చదివి చెప్పు, లేసి పోయి ఆయప్ప పక్కన పండుకోమని."