ఎడమ పెడల్ మీద తుమ్మచెక్క

2023 ఎండాకాలం. ఆర్మూర్ పాత బస్టాండు పక్క సందులో నాది సైకిల్ రిపేరు షాపు. ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుంటున్నాను. బైకులొచ్చి సైకిళ్లను మింగేశాయని అందరూ అంటారు కానీ, బడి పిల్లలు, పసుపు కూలికి పోయేవాళ్లు, బీడీలు చేసే ఆడవాళ్లు ఇంకా సైకిల్ మీదే బతుకుతున్నారు. వాళ్ల సైకిల్ పోతే ఏమవుతుందో పోలీసులకు తెలియదు. తెలియదు అనడం మర్యాద కోసం. వాళ్లకు పట్టదు.

నేను చెప్పబోయేది ఏ స్టేషన్ సంగతో రాయను. ఆర్మూర్‌ది కాదు. చుట్టుపక్కల స్టేషన్లలో ఒకటి అనుకోండి. పేరు రాస్తే అక్కడొక్కచోటే తప్పు జరిగినట్టు మిగిలినవాళ్లు చేతులు దులుపుకుంటారు. అంత సుఖం వాళ్లకు నేనెందుకివ్వాలి?

గంగామణిది వేల్పూర్ వైపు చిన్న పల్లె. వయసు నలభై దాటింది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిదైంది. నడిస్తే అడుగడుక్కీ మోకాలి మీద చెయ్యి ఆనించాలి. ఇరవై ఏళ్లుగా బీడీలు చేస్తుంది, ఆ చేతుల మీదే ఇల్లు నడుస్తుంది. చేసిన బీడీలను నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్ఖానాలో పొద్దున తొమ్మిదిలోపు అప్పజెప్పాలి. మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. వాళ్ల పల్లెకు మొదటి ఆటో వచ్చేసరికి పది దాటుతుంది. కార్ఖానాలో ఆమె పేరు మీద ఒక కార్డు ఉంది. ఆ కార్డుంటేనే పని, కార్డుంటేనే పీఎఫ్. అది దక్కించుకోవడానికే ఆమెకు ఎన్నో ఏళ్లు పట్టింది.

మొదట ఎవరో ఒకరి సైకిల్ వెనక కూర్చుని పోయేది. ఎనిమిదేళ్ల కింద ఒకరోజు నా షాపు ముందు నిలబడి, "అన్నా, గీ కాలుతోని నాకు సైకిల్ తొక్కొస్తదా?" అని అడిగింది. నాకూ తెలియదు. చూద్దామన్నాను. స్టూలు మీద కూర్చోబెట్టి రెండు కాళ్లూ కొలిస్తే రెండున్నర అంగుళాల తేడా వచ్చింది. పాత లేడీస్ ఫ్రేమ్ ఒకటి ఉంటే దానికి చక్రాలు కట్టాను. ఎడమ పెడల్ మీద తుమ్మచెక్క కోసి బోల్టులు బిగించాను. పెడల్ తన ఇరుసు మీద తిరుగుతుంది కదా, చెక్క బరువుకు అది తలకిందులైంది. ఇంకో రకంగా బిగించాను, మళ్లీ అంతే. చివరికి పెడల్ అడుగున చెక్క కంటే బరువైన ఇనుప ముక్క కడితే చెక్క ఎప్పుడూ పైకే నిలబడింది. కాలు జారకుండా మీద పాత టైరు ముక్క అతికించాను. నా వృత్తిలో నేను గర్వపడే పనులు నాలుగైదు ఉంటాయి. వాటిలో అదొకటి.

మూడు రోజుల్లో నేర్చుకుంది. నాలుగో రోజు బెల్లు కొట్టుకుంటూ సందులోకి వచ్చి, షాపు దాటిపోతూ, "అన్నా, దిగుడెట్ల?" అని అరిచింది. సందంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

2023 ఫిబ్రవరిలో కార్ఖానా ముందు పెట్టిన సైకిల్, ఆమె బీడీలు అప్పజెప్పి వచ్చేలోపు మాయమైంది. స్టేషన్‌కు పోతే మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. మర్నాడు సార్ లేడన్నారు. అయిదో రోజు నన్ను తోడు రమ్మంది. వెళ్లాను.

మేము నిలబడింది రైటర్ ముందు. స్టేషన్ రైటర్ అంటే ఫిర్యాదులు, రికార్డులు రాసే హెడ్ కానిస్టేబుల్. ఎస్సైలు మారతారు, రైటర్ మారడు. ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"సైకిల్‌కు గూడ ఎఫ్ఐఆరా అవ్వా? గట్ల రాసుకుంట పోతె మాకు కాయితాలు సాలయి. తాళమెందుకెయ్యలే?"

"పావుగంట పని సారూ. కండ్ల ముంగటే ఉంటదనుకున్న."

"బిల్లున్నదా? ఫ్రేమ్ నంబర్ ఎంత?"

సైకిల్‌లో క్రాంకుల ఇరుసు తిరిగే గొట్టాన్ని బీబీ అంటాం. మామూలుగా ఫ్రేమ్ నంబర్ దాని అడుగున కొట్టి ఉంటుంది. సైకిల్‌ను తలకిందులు చేస్తే తప్ప కనబడదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కరికీ ఆ నంబర్ రాసిచ్చిన పాపాన పోలేదు నేను. అందుకని నేను చెప్పగలిగింది చెప్పాను.

"నంబర్ లేదు గని సార్, గుర్తున్నది. ఎడమ పెడల్ మీద చెక్క ఉంటది. ఆమె కాలు పొట్టిది, దానికోసం నేనే బిగించిన."

అప్పుడు తలెత్తాడు. ఆమె కాలు వైపు కాదు, నా వైపు చూశాడు.

"బిల్లు లేని సైకిల్ నువ్వు అమ్మినవన్నట్టు. నీకెక్కడిది గా ఫ్రేమ్?"

"సెకండ్ హ్యాండ్‌ల కొన్న సార్."

"గది దొంగ సైకిల్ గాదని సబూత్ ఏంది? అయితె ముందుగాల నీ షాపే చూడాలె."

ఫిర్యాదు ఇవ్వడానికి పోయినవాణ్ణి దొంగను చేయడానికి ఆయనకు ఒక్క మాట చాలింది. బయటికొచ్చాక గంగామణి నా ముఖం చూసి, "నీకెందుకన్నా తకలీఫ్, నేనే వస్తగని" అంది. నేను వద్దనలేదు. ఆ తర్వాత ఆమె ఇంకా నాలుగుసార్లు ఒంటరిగా వెళ్లింది. మొత్తం ఏడు. పోయినప్పుడల్లా రెండు ఆటోలు మారాలి, గేటు నుంచి మెట్ల దాకా మోకాలు పట్టుకుని నడవాలి. ఒకసారి అర్జీ కాగితం తీసుకున్నారట, రసీదు ఇవ్వలేదట. "చూస్తం, పో" అన్నారట. ఆ 'చూస్తం' అనే మాటకు ఈ దేశంలో ఎంతమంది చెప్పులు అరిగాయో.

ఏప్రిల్‌లో షాపుకొచ్చి కూర్చుంది. కొన్నాళ్లు పక్కింటామె బీడీలు తీసుకుపోయి అప్పజెప్పిందట. కార్ఖానాయన ఊరుకోలేదు. మనిషి రాకుంటే కార్డు నడవదని చెప్పి, దాన్ని ఇంకొకరికి రాసేశాడు.

"కార్డు పోయిందన్నా," అంది. ఏడవలేదు. నేను బెండు తీస్తున్న రిమ్ము తిరగడాన్ని కాసేపు చూసి, లేచి మోకాలు పట్టుకుని బస్టాండు వైపు నడిచింది. నా చేతిలో పని ఆగిపోయింది.

మే నెలలో రైటర్ నుంచి ఫోను. "నర్సన్నా, జర స్టేషన్ కాడికి రా. లావారిస్ సైకిళ్లున్నయి, వేలమెయ్యాలె. నువ్వు ధర గట్టి సంతకం వెడితె అయిపోతది." లావారిస్ అంటే దిక్కులేనివి. రోడ్ల మీద వదిలేసినవి దొరికితే స్టేషన్‌కు తెచ్చి పడేస్తారు. ఎవరూ అడగకపోతే వేలం. ఎంత పలుకుతాయో చెప్పడానికి ఒక మెకానిక్ సంతకం కావాలి. నా షాపు చూడాలన్నవాడికి ఇప్పుడు నేను అన్ననయ్యాను.

జాబితా చేతికిచ్చాడు. తొమ్మిది సైకిళ్లు. ఆరోది ఇలా రాసి ఉంది: లేడీస్ సైకిల్, పాతది, ఎడమ పెడల్ డ్యామేజీ.

స్టేషన్ వెనక ప్రహరీ గోడ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. గోడకు ఆనించి ఉంది. రెండు టైర్లలో గాలి లేదు, చైను తుప్పు పట్టింది. ఎడమ పెడల్ మీద నా తుమ్మచెక్క దుమ్ము కొట్టుకుని పైకి చూస్తోంది, కింద ఇనుప ముక్క అలాగే ఉంది. పెడల్ మొదట్లో పానా గీతలు లోతుగా పడ్డాయి. దొంగ ఆ పెడల్ మార్చాలని చూశాడు. కానీ ఎడమ పెడల్ చూడి, అంటే మర, ఉల్టా ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. వాడికి ఆ సంగతి తెలియదు. ఊడదీయలేక, ఆ చెక్కతో తొక్కలేక, ఎక్కడో వదిలేసి పోయాడు.

జాబితాలో దొరికిన తేదీ కూడా ఉంది. సైకిల్ పోయిన మూడో రోజు. అంటే మేమిద్దరం రైటర్ ముందు నిలబడేసరికి అది ఆ గోడ దగ్గరికి చేరి రెండు రోజులైంది. ఆయన టేబుల్ నుంచి నడిచి చూశాను, ముప్ఫై అడుగులు. ఎడమ పెడల్ మీద చెక్క ఉంటుందని నేను ఎవరికి చెప్పానో, ఎడమ పెడల్ డ్యామేజీ అని రాసింది ఆ చెయ్యే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకామె. ఆమె నయం. కనీసం వెతికింది.

"రైటర్ సాబ్, ఇది గంగామణి సైకిల్."

"ఏ గంగామణి?"

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. "ఏడుసార్లొచ్చింది నీ టేబుల్ ముంగటికి, మోకాలు వట్టుకోని! ఏ గంగామణి అంటవేంది?"

"ఓ, గామెనా," అన్నాడు తాపీగా. "ఇప్పుడేం జెయ్యొస్తది? లిస్టు తయారైంది. వేలం దినం రమ్మను, తక్కువల పాడుకుంటది."

"ఆమె సైకిల్ ఆమెనే పాడుకోవాల్నా?"

అంత గట్టిగా నేను ఏ స్టేషన్‌లోనూ అరవలేదు. అరవాలంటే ఫిబ్రవరిలోనే అరవాల్సింది. కేకలకు ఎస్సై బయటికొచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. నేను చెప్పింది విని, "సబూత్ ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది సార్. ఆమె కాలే సబూత్. పిలిపియ్యుండ్రి."

గంగామణి వచ్చేసరికి గంటన్నర పట్టింది. అప్పటికి నేను గాలి కొట్టి, చైనుకు నూనె వేసి ఉంచాను. ఆమె దాని సీటు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత ఎక్కి, ఎడమ పాదం చెక్క మీద పెట్టింది. స్టేషన్ ముందు ఒక చుట్టు చుట్టి వచ్చింది. బిల్లు, నంబరు అడగకుండానే ఇచ్చెయ్యమన్నాడు ఎస్సై.

అంతలో వాళ్లకు మరో పని గుర్తుకొచ్చింది. ఎవరో ఫోను తీశారు. పోయిన సైకిల్‌ను బాధితురాలికి అప్పగించిన పోలీసులు అని పేపర్లకు పంపాలి కదా. ఎస్సై ఒక పక్కన హ్యాండిల్ పట్టుకున్నాడు. రైటర్ ఇంకో పక్కన చేరాడు.

"జర నవ్వు అవ్వా. సార్‌కు దండం వెట్టు," అన్నాడు రైటర్.

గంగామణి ఆయన వైపు తిరిగింది. "దండమెందుకు సారూ? సైకిల్ మీరు దొర్కవట్టలే, దాసిపెట్టిండ్రు. నా కార్డు గూడ గా గోడెన్కనే ఉన్నదేమో, జర చూడుండ్రి."

ఫొటో తీయనే తీశారు. మర్నాడు ఒక పేపర్లో వచ్చింది కూడా. అందులో పోలీసులిద్దరూ నవ్వుతున్నారు, ఆమె గేటు వైపు చూస్తోంది.

నన్ను వెళ్లనివ్వకుండా రైటర్ జాబితా మళ్లీ ముందుకు తోశాడు. ఆరో నంబర్ కొట్టేశాడు, మిగిలినవాటికి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తలకిందులు చేసి, తుప్పు గీకి, బీబీ అడుగున ఉన్న నంబర్లు కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టాను. నంబర్ నంబర్ అని ప్రాణం తీస్తారు కదా, ఇవిగో నంబర్లు, ఫిర్యాదులతో సరిచూడండి అన్నాను. తర్వాత తెలిసింది, వాళ్లు ఇంకో మెకానిక్‌ను పిలిపించారు. ఎనిమిదీ వేలంలో పోయాయి.

గంగామణికి ఆ కార్డు తిరిగి రాలేదు. ఇప్పుడు అదే సైకిల్ మీద పసుపు కొమ్ములు ఏరే పనికి పోతుంది. ఆ పని సీజన్ ఉన్నన్నాళ్లే, పీఎఫ్ లేదు. నేను మాత్రం అప్పటినుంచి షాపుకు ఏ సైకిల్ వచ్చినా, పంచరుకు వచ్చినా సరే, తలకిందులు చేసి నంబర్ చూసి చీటీ రాసిస్తున్నాను. ఇంట్లో రేషన్ కార్డుతో పాటు దాచుకోండని చెబుతున్నాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ.

ఒక మాట దాచి ఇదంతా రాస్తే నేనూ ఆ రైటర్ లాంటివాణ్ణే అవుతాను. అంతకుముందు ఏడాది కూడా ఆయన నన్ను పిలిచాడు. ఆ జాబితాలో పదకొండు సైకిళ్లు. లోపల కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పోలీసు స్టేషన్‌లో కుర్చీ దొరకడమే గొప్ప అనుకుని, అక్కడి నుంచి లేవకుండా ధరలు కట్టి సంతకం పెట్టి వచ్చాను. ఆ పదకొండూ ఎవరివో, వాళ్లు ఎన్నిసార్లు ఆ మెట్లెక్కారో నాకు తెలియదు.

మొన్న పెడల్ మీది టైరు ముక్క మార్పించుకోవడానికి గంగామణి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పేశాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"లేచి ఎందుకు చూడలే అన్నా?"

"చాయ దెచ్చిచ్చిండ్రు చెల్లె. తాగుకుంట కూసున్న."

ఆమె చెక్క మీద కాలు పెట్టి చూసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయింది.