ఇటుకల దిబ్బకు దారి

మా తోడల్లుడు శృంగవరపుకోటలో ఉన్నన్నాళ్లూ నడిచిన మనిషి కాడు. బస్టాండు నుంచి వాళ్లింటికి రెండే వీధులు. ఆ రెండు వీధులకూ రిక్షా పిలిచేవాడు. ఊరి పక్కన అన్ని కొండలున్నా ఒక్కటీ ఎక్కి చూసిన పాపాన పోలేదు. అలాంటివాడు ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్లి, పదేళ్లు తిరక్కుండా నడక భక్తుడైపోయాడు. ఆదివారం వస్తే చాలు, కారులో రెండు గంటలు ప్రయాణం చేసి, ఎక్కడో దిగి, అక్కణ్నుంచి నడిచేవాడు. నడవడానికి కారెక్కే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నేను మండల సర్వేయరుగా పనిచేశాను. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, రిటైరైన కొత్తలో, మా ఆవిడ తన చెల్లెల్ని చూడాలంటే ఇద్దరం మూడు వారాలకు వాళ్లింటికి వెళ్లాం. మొదటి ఆదివారమే తోడల్లుడు నన్ను పట్టుకున్నాడు. తన పాత బూట్లు నాకు తొడిగాడు. అవి వదులైతే రెండు జతల మేజోళ్లు వేయించాడు. చేతికో కర్ర ఇచ్చాడు. కారు దిగి, గడ్డిలో, బురదలో గంటన్నర నడిపించి ఒక గుట్ట ఎక్కించాడు.

గుట్ట మీద గుండ్రంగా పాతిన రాళ్లున్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పంతొమ్మిది. నాలుగు పడిపోయాయి, రెండు వాలిపోయాయి. మధ్యలో గొర్రెలు మేస్తున్నాయి. మా తోడల్లుడు టోపీ తీసేసి, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"నాలుగు వేల ఏళ్ల నాటివి అన్నయ్యగారూ."

"ఎందుకు పాతారు?"

"అది ఎవరికీ తెలీదు."

"తెలీనిదానికి ఇంత దూరం ఎందుకొచ్చాం?"

"తెలీదు కాబట్టే."

నేను ముప్పై ఏళ్లకు పైగా రాళ్లు పాతించినవాణ్ని. ఎందుకు పాతిస్తున్నానో తెలియకుండా ఒక్క రాయి పాతించలేదు. నేను పాతించిన వాటిలో ఇన్ని వాలి ఉంటే పై అధికారి నా చేత సంజాయిషీ రాయించేవాడు. ఇక్కడ మాత్రం వాటి ముందు బోర్డు పెట్టారు, ఆ బోర్డు ముందు నలుగురు వానలో తడుస్తూ నిలబడి చదువుతున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు దారి ఒక గోధుమ చేలోంచి పోయింది. చేను పక్కనుంచి కాదు, నడిమధ్యనుంచి. పైరు మోకాలెత్తున ఉంది. దాని మధ్య రెండు మూరల వెడల్పున నేల ఖాళీగా, తిన్నగా వదిలేసి ఉంది. నేను చేను అంచునే ఆగిపోయాను. ఒకరి చేలో పైరున్నప్పుడు దిగడానికి మా ఉద్యోగంలో నోటీసు ఇవ్వాలి.

"ఈ చేను ఎవరిది?" అని అడిగాను.

"ఎవరో రైతుది."

"మరి మనం దిగితే?"

"ఇది దారి అన్నయ్యగారూ. పూర్వం నుంచి జనం నడిచిన దారి. దున్నుకోవచ్చు గానీ, దున్నాక మళ్లీ దారి వదలాలి. నడవద్దనడానికి లేదు."

చేను దాటేసరికి ఆ రైతే ఎదురయ్యాడు. దారికి అడ్డంగా పడిన చెట్టుకొమ్మను రంపంతో కోస్తున్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి నేను తోడల్లుడి వెనక్కి జరిగాను. ఆయన రంపం ఆపి ఏదో అన్నాడు. తోడల్లుడు నవ్వి నాకు చెప్పాడు.

"కొమ్మ అడ్డం పడినందుకు ఏమీ అనుకోవద్దంటున్నాడు."

నాకు ఆ రైతు మీద జాలి కూడా కలగలేదు, ఏవగింపు కలిగింది. సొంత చేలో సొంత కొమ్మ పడితే దారిన పోయేవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవడమా? మా వైపు రైతు గట్టు మీద పక్కవాడి మేక కాలు పెడితే మూడు తరాలను కలిపి తిడతాడు. హద్దు దగ్గర ఆ మాత్రం పౌరుషం లేనివాడు రైతేమిటి అనుకున్నాను.

ఆ సాయంత్రం టీ తాగుతూ తోడల్లుడు ఇంకా ఆ రాళ్లనే పొగుడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"మా ఊళ్లో రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధుల దిబ్బ ఉంది. ఒక్కో ఇటుకా మూరెడు. నీ రాళ్లవాళ్లకు ఇటుక కాల్చడమన్నా చేతకాలేదు. ఊళ్లోంచి దిబ్బ దాకా పుంత ఉంది. రెండు ఎడ్లబళ్లు ఎదురెదురుగా పోయే దారి. బోర్డుల్లేవు, బాణం గుర్తుల్లేవు. మాకవసరం లేదు," అన్నాను.

"ఎప్పుడైనా నడిచారా?"

"చిన్నప్పుడు నడిచాను. పటంలో ఇప్పటికీ ఉంది."

ఆ మాట అతను మర్చిపోలేదు. మరుసటి ఏడు మార్గశిరంలో ఏదో పెళ్లికి వచ్చి, పెళ్లయిన మర్నాడు పొద్దున్నే విజయనగరంలో మా ఇంటి ముందు నిలబడ్డాడు. అవే బూట్లు, అదే టోపీ, వీపున గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచి, చేతిలో కర్ర. గజపతినగరం దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో మా ఊరు వెళ్లాం. ఊళ్లో వ్యవసాయం మా అన్నయ్యది. ఇంటికి వెళ్తే భోంచేయకుండా కదలనివ్వడని, ఆయనకు చెప్పకుండానే ఊరి చివర దిగి పుంత పట్టాం.

పుంత మొదట్లో బాగానే ఉంది. రెండు వైపులా వరికోతలు నడుస్తున్నాయి. మా వెనకే కొడవళ్లు పట్టుకుని నలుగురు ఆడవాళ్లు కోతకు వస్తున్నారు. వాళ్లు తోడల్లుడి కర్రనే చూస్తున్నారు.

"ఆ బాబుకి కాలికేటయినాది?" అని ఒకావిడ అడిగింది.

"ఏటీ అవలేదు. నడవడానికొచ్చాడు," అన్నాను.

"నడవడానికి కర్రెందుకు?"

తోడల్లుడు నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అతని పక్కన కాస్త ఎడంగా నడిచాను.

రెండు ఫర్లాంగులు పోయేసరికి పుంత సన్నబడింది. బళ్లు ఎదురెదురుగా పోవడం అటుంచి, ఒక సైకిలు పోయే చోటు లేదు. ఇంకొంచెం పోయాక అదీ లేదు. రాతి స్తంభాలు, వాటికి నాలుగు వరసల ముళ్లతీగ, తీగ వెనక పక్కనున్న కొండ దాకా ఏపుగా పెరిగిన జామాయిల్ తోట. పుంత నేరుగా వెళ్లి ఆ తీగలో ఆగిపోయింది.

నాకు ఉద్యోగం రోజుల గొంతు వచ్చేసింది. "చూడు, ఎంత బరితెగింపో. ప్రభుత్వ భూమి ఇది. ఇలాంటివాళ్లను ఊరికే వదలకూడదు. నోటీసిచ్చి, స్తంభాలు పీకించి, ఖర్చు కూడా వాళ్ల దగ్గరే రాబట్టాలి. సిగ్గులేని మనుషులు," అంటూ పోయాను.

వెనక వస్తున్న ఆడవాళ్లు ఆగి, నా మొహం చూసి, మళ్లీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇందాకటి ఆవిడే అంది.

"ఇది మీ తోటే కదా బాబూ."

ఊరికి వచ్చినా అన్నయ్య ఇంటి దాకా వచ్చి పోవడమే, ఆ పొలాల వైపు వచ్చి ముప్పై ఏళ్లయింది. మెట్ట భూమిలో అన్నయ్య జామాయిల్ వేశాడని తెలుసు. అందులో సగం నాదనీ తెలుసు. నరికించినప్పుడల్లా నా వాటా నాకు పంపేవాడు. అది ఎంతమేర పెరిగిందో నేనెప్పుడూ అడగలేదు.

ఈలోగా మాటలు విని, తోటలోని మోటారు షెడ్డు దగ్గర్నుంచి మా అన్నయ్యే వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో చోడి అంబలి చెంబు.

"ఏట్రా, ఇంటికి రాకుండా ఇలగొచ్చినావు? ఈ బాబుని కూడా తీసుకొచ్చినావు."

"ఇది పుంత కదా అన్నయ్యా."

"ఎక్కడున్నాది పుంత?"

"పటంలో ఉంది. ఇక్కడ హద్దు రాయి కూడా ఉండాలి."

"రాయి ఎప్పుడో పోనాది. నువ్వే కదేటి సెప్పినావు, రాయి కనపడకపోతే కొలిసినోడు కూడా ఏటీ సెయ్యలేడని."

చెప్పాను. ఒకసారి వాళ్లింట్లో భోంచేస్తూ, మా ఆఫీసు సంగతులు గొప్పగా చెప్పుకుంటూ అన్న మాట అది. ఆయన దాన్ని సలహా అనుకున్నాడు. అప్పుడు నేను అన్నది సలహా కాదని ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

తోడల్లుడు ఇదేమీ పట్టించుకోలేదు. తీగలోంచి మోటారు షెడ్డు గోడ వంక చూస్తున్నాడు. మూరెడు మూరెడు ఇటుకలు, ఒక్కటీ పగల్లేదు.

"పెద్దన్నయ్యగారూ, ఆ ఇటుకలు ఎక్కడివి?"

"దిబ్బవే బాబూ. ఇప్పుడు కాల్సే ఇటుక వానకే కరిగిపోతాది. ఇది సుత్తి దెబ్బకి కూడా కదల్దు," అని మా అన్నయ్య నిజంగానే మెచ్చుకుంటూ చెప్పాడు.

"దిబ్బ చూడొచ్చా?"

"దానికేటి, రా బాబూ. దూరం నుంచొచ్చినావు." అన్నయ్య కింది తీగను కాలితో తొక్కి, పై తీగను చేత్తో ఎత్తాడు. తోడల్లుడు సంచి, కర్ర ముందు లోపలికి అందించి, వంగి దూరాడు. నేనూ దూరాను. నా వెనక ఆ ఆడవాళ్లు వంగబోతే అన్నయ్య తీగ వదిలేశాడు.

"మీకేటి పని ఇక్కడ? సుట్టూ తిరిగెల్లండి."

"కొండ సుట్టూ తిరిగెల్తే పొద్దెక్కిపోతాది బాబూ. ఇది కట్టిన కాణ్నుంచీ అలగే తిరగతన్నాం," అంది ఆవిడ. ఆ గొంతులో బతిమాలడం లేదు, దెప్పడం లేదు. ఇందాక నడవడానికి కర్రెందుకని అడిగినప్పటి గొంతే.

నేను ఏం ఆలోచించానో నాకు సరిగ్గా గుర్తులేదు. వెనక్కి వెళ్లి కింది తీగ మీద కాలు పెట్టి, పై తీగ ఎత్తి పట్టుకున్నాను. ముల్లు అరచేతిలో దిగింది. నలుగురూ ఒకళ్ల తరవాత ఒకళ్లు దూరి, కొడవళ్లు సర్దుకుని, చెట్ల వరసల మధ్యనుంచి అవతలి పొలాల వైపు వెళ్లిపోయారు. అటు వైపు కంచె లేదు. ఎవరూ నాకు దండం పెట్టలేదు, ఒక మంచి మాట అనలేదు. ఎందుకనాలి?

"రేపట్నుంచి ఊరంతా ఇటే వస్తాది," అన్నాడు అన్నయ్య.

"రానీ."

ఆయన చెంబెత్తి మిగిలిన అంబలి తాగేసి, షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

దిబ్బ నడుమెత్తు కూడా మిగల్లేదు. సగం తవ్వుకుపోయారు, మిగతా సగం మీద ముళ్లకంప. తోడల్లుడు టోపీ తీసి దాని చుట్టూ తిరిగాడు, ఫొటోలు తీశాడు, ఒక ఇటుక మీద అంటిన మట్టిని వేలితో తుడిచాడు. "బాగుంది అన్నయ్యగారూ," అన్నాడు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు. అతనికి నిజంగానే బాగుంది. అంత తక్కువకే సంతోషపడే మనిషి మీద నేనన్నాళ్లు మండిపడ్డందుకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

విజయనగరం వచ్చాక పుంత కొలిపించమని దరఖాస్తు పెట్టాను, మా సొంత తోట మీదే. నెల తరవాత కొలవడానికి వచ్చినవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. అన్నయ్య ఇంట్లో టీ తాగి, "హద్దు రాళ్లు కనిపించనందున కొలతకు వీలుపడలేదు" అని రాసి పంపాడు. ఆ వాక్యం నేను ఎన్ని ఫైళ్లలో రాశానో లెక్కలేదు. చదువుతుంటే నా చేతిరాతే అనిపించింది.

అన్నయ్య ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు, తోట గురించి తప్ప. తీగ మాత్రం ఆ ఒక్కచోట వదులుగానే ఉంది. ఆయన కోతల ముందు బిగిస్తాడు, కోతలు మొదలవగానే ఎవరో వదులు చేస్తారు. ఎవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.