కరెంటు తీగల్లో నెట్

లాల్‌దర్వాజాలో పాలు అమ్మే రుక్మాబాయి స్విచ్ వేయాలన్నా ఎవరినో ఒకరిని పిలుస్తుంది. భర్త బాలనర్సింహ గడ్డి కోసే మిషన్ దగ్గర షాక్ కొట్టి పోయినప్పటి నుంచి ఇదే అలవాటు. ఫ్యాన్ కిందే కూర్చుని చెమటలు కారుతున్నా, కోడలు అమల వచ్చేదాకా కొంగుతో విసురుకుంటుంది. గోడలు మందంగా ఉండి మేడ మీదికి వైఫై అందడం లేదని ఈమధ్య అమల రెండు చిన్న డబ్బాలు తెచ్చింది. ఒకటి కింద ప్లగ్గులో పెట్టింది, ఒకటి పైన. నెట్ కరెంటు తీగల్లోంచే పైకి పోతుందట. ఆ రోజు నుంచి రుక్మాబాయి ఆ గోడకు ఆనుకోవడం మానేసింది. "కరెంటుల ఇంకోటి కలిపితె అది ఊకుంటదా బిడ్డా?" అని అడుగుతూనే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం అమల పైన ఉద్యోగం ఇంటర్వ్యూలో ఉండగా కింది డబ్బా వదులై దాని దీపం ఆరిపోయింది. "అత్తమ్మా, నెట్ పోయింది! నేను లేవరాదు, కింద డబ్బాను జర గట్టిగ ఒత్తు!" అని కేక వినిపించింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. రుక్మాబాయి డబ్బా దగ్గరికి వెళ్లింది. చేతి తడిని కొంగుకు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి ఒత్తింది. దీపం వెలిగింది. చేయి తీస్తే మళ్లీ ఆరింది. మళ్లీ ఒత్తి పట్టుకుంది. అరచేతి కింద డబ్బా వెచ్చబడుతోంది. అయినా ఆమె చేయి తీయలేదు. పైనుంచి కోడలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

అమల దిగి వచ్చి, "అయిపాయె అత్తమ్మా, ఇగ ఇడువు" అంది. అంతసేపూ పట్టి బిగుసుకుపోయిన రుక్మాబాయి వేళ్లు డబ్బా మీంచి రాలేదు. ఒక్కొక్కటే అమల విడదీయాల్సి వచ్చింది.